వ్యాఖ్యా పంక్తుల వడపోత

వ్యాఖ్యా పంక్తుల వడపోత అనగా ఒక పాఠ్య ఫైలును కంప్యూటరు ప్రోగ్రాముతో చదివించేటప్పుడు, అందులో మనుషుల కోసం మాత్రమే వ్రాసిన వివరణలను గుర్తించి, వాటిని వదలిపెట్టి, మిగిలిన సమాచారాన్ని ప్రోగ్రాముకు అందించే పద్ధతి. ఈ గుర్తింపు కోసం సాధారణంగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను వాడుతారు. పాఠ్యంలో ఫలానా అక్షరాల అమరిక ఉన్నదా లేదా అని వెదకడానికి గుర్తులతో వ్రాసే సూత్రాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. క్లుప్తంగా రెజెక్స్ అని కూడా పిలుస్తారు.

ఈ పని చూడటానికి ఒక్క సూత్రంతో ముగిసేదిగా కనబడుతుంది. కానీ వ్యాఖ్య గుర్తు కనబడిన ప్రతిచోటా వ్యాఖ్య ఉండదు. వ్యాఖ్యగా కనబడే ప్రతి పంక్తీ యంత్రానికి అనవసరమైనది కాదు. తెలుగు కీబోర్డు ఫైళ్ళు, తెలుగు అనువాద ఫైళ్ళు, యూనికోడ్ సమాచార ఫైళ్ళు ఇందుకు మంచి ఉదాహరణలు. ఆ ఫైలు నియమం తెలుసుకోకుండా వడపోస్తే అవసరమైన సమాచారం ఏ హెచ్చరికా లేకుండా పోతుంది.

== వ్యాఖ్యలు, వాటి గుర్తులు ==

ఫైలులోని సమాచారం ఎక్కడిది, ఎందుకు అలా ఉన్నది, ఎవరు ఎప్పుడు మార్చారు వంటి సంగతులను తరువాత చదివేవారి కోసం వ్యాఖ్యలుగా వ్రాస్తారు. ఏది వ్యాఖ్యో యంత్రానికి తెలియడానికి ఒక గుర్తు ఉండాలి. ఈ గుర్తు అన్ని చోట్లా ఒకటి కాదు.

* ఫోర్‌ట్రాన్ (1957) పాత రూపంలో పంక్తి మొదటి గడిలో ‘సి’ అనే ఆంగ్ల అక్షరం ఉంటే ఆ పంక్తి వ్యాఖ్య.
* కోబాల్‌లో ఏడవ గడిలో నక్షత్రం గుర్తు * ఉంటే వ్యాఖ్య.
* యూనిక్స్ షెల్, పెర్ల్, పైథాన్ మొదలైనవాటిలో హాష్ గుర్తు # నుండి పంక్తి చివరి వరకు వ్యాఖ్య.
* లిస్ప్ కుటుంబపు భాషలలో సెమీకోలన్ ; నుండి పంక్తి చివరి వరకు వ్యాఖ్య.
* టెక్ అక్షరకూర్పు వ్యవస్థలో శాతం గుర్తు % నుండి పంక్తి చివరి వరకు వ్యాఖ్య.
* సీ భాషలో /* మరియు */ గుర్తుల మధ్యనున్నది వ్యాఖ్య. ఇది ఎన్ని పంక్తులైనా సాగవచ్చును.

ఒక చోట వ్యాఖ్యగా చెల్లే గుర్తు మరొక చోట ఆజ్ఞగా ఉండవచ్చును. ఉదాహరణకు సీ భాషలో హాష్ గుర్తుతో మొదలయ్యే పంక్తులు వ్యాఖ్యలు కావు. ఇతర ఫైళ్ళను కలుపుకోవడం వంటి ముఖ్యమైన ఆదేశాలు ఆ పంక్తులలోనే ఉంటాయి. కాబట్టి వడపోతలో మొదటి ప్రశ్న ‘ఏ సూత్రం వ్రాయాలి’ అన్నది కాదు, ‘ఇది ఏ రకం ఫైలు’ అన్నది.

== చరిత్ర ==

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మూలాలు గణితశాస్త్రంలో ఉన్నాయి. 1943లో మెకలక్, పిట్స్ అనే శాస్త్రవేత్తలు నాడీకణాల పనితీరుకు ఒక గణిత నమూనాను ప్రతిపాదించారు. ఆ నమూనా గుర్తించగల అమరికలను వర్ణించడానికి అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లీనీ ‘రెగ్యులర్’ అనే భావనను రూపొందించాడు. ఆయన పత్రం 1956లో ప్రచురితమయింది. నేటికీ సూత్రాలలో వాడే నక్షత్రం గుర్తును ‘క్లీనీ స్టార్’ అంటారు.

1968లో కెన్ థాంప్సన్ ఈ సూత్రాలతో పాఠ్యాన్ని వెదకే విధానాన్ని వివరిస్తూ ఒక పత్రం ప్రచురించాడు. యూనిక్స్‌లోని ఎడ్ అనే కూర్పు సాధనం ద్వారా ఇవి ప్రోగ్రామర్లకు అందుబాటులోకి వచ్చాయి. ఎడ్‌లోని ఒక ఆదేశం నుండే 1973లో గ్రెప్ అనే సాధనం పేరు పుట్టింది. ఇచ్చిన సూత్రానికి సరిపోయే పంక్తులను మాత్రమే చూపడం దాని పని. తలకిందులు చేసే ఐచ్ఛికం వాడితే, సరిపోయే పంక్తులను వదలి మిగిలినవాటిని చూపుతుంది. వ్యాఖ్యల వడపోతకు ఎక్కువగా వాడేది ఈ ఐచ్ఛికాన్నే. 1977లో ఆక్, 1987లో పెర్ల్ రాకతో పాఠ్య ఫైళ్ళను పంక్తి పంక్తిగా చదివే పద్ధతి మరింత వాడుకలోకి వచ్చింది.

== ఒక ఉదాహరణ ఫైలు ==

పల్నాడు జిల్లా దాచేపల్లి మండలంలోని నడికుడి ఒక రైల్వే కూడలి. గుంటూరు నుండి మాచర్లకు పోయే మార్గంలో ఇక్కడి నుండి మరొక మార్గం చీలి, కృష్ణానదిని దాటి, మిర్యాలగూడ, నల్గొండల మీదుగా బీబీనగర్ వైపు పోతుంది. ఈ మార్గంలోని కొన్ని స్టేషన్ల పేర్లను ఒక పాఠ్య ఫైలులో ఇలా వ్రాసుకున్నారనుకుందాం. ఎడమవైపున ఉన్న అంకెలు పంక్తి సంఖ్యలు మాత్రమే, అవి ఫైలులో ఉండవు.

 1 | # గుంటూరు - మాచర్ల రైలు మార్గం, కొన్ని స్టేషన్లు
 2 | # జిల్లా: గుంటూరు
 3 | సత్తెనపల్లి
 4 | పిడుగురాళ్ల
 5 |
 6 |    # కృష్ణానది దాటే మార్గం కింది స్టేషను వద్ద చీలుతుంది
 7 | నడికుడి. "ప్లాట్‌ఫారం #1"   # కూడలి
 8 | #గురజాల
 9 | రెంటచింతల
 10 | మాచర్ల

ఈ చిన్న ఫైలులోనే వడపోతలో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఉన్నాయి. 1, 2 పంక్తులు పూర్తి వ్యాఖ్యలు. 5వది ఖాళీ పంక్తి. 6వ పంక్తిలో వ్యాఖ్య గుర్తుకు ముందు ఖాళీలు ఉన్నాయి. 7వ పంక్తిలో ఒక హాష్ గుర్తు సమాచారంలో భాగం, రెండవది వ్యాఖ్యకు ఆరంభం. 8వ పంక్తి నిజానికి వివరణ కాదు, ఎవరో తాత్కాలికంగా పక్కన పెట్టిన సమాచారం.

== పూర్తి పంక్తి వ్యాఖ్యలు ==

అన్నిటికన్నా సులువైన సూత్రం ఇది:

 ^#

ఇందులో ^ గుర్తు పంక్తి ఆరంభాన్ని సూచిస్తుంది. ఆరంభంలోనే హాష్ గుర్తు ఉన్న పంక్తులన్నీ దీనికి సరిపోతాయి. పై ఫైలులో 1, 2, 8 పంక్తులు దొరుకుతాయి. 6వ పంక్తి ఖాళీలతో మొదలవుతున్నందున తప్పించుకొని, ఒక స్టేషను పేరుగా ప్రోగ్రాములోకి చేరుతుంది. దీనిని సరిచేయడానికి,

 ^ *#

అని వ్రాస్తారు. ఖాళీ తరువాత వచ్చిన నక్షత్రం ‘సున్నా లేదా అంతకన్నా ఎక్కువ సార్లు’ అని చెబుతుంది. ఖాళీ పంక్తులను కూడా వదలాలంటే,

 ^ *(#|$)

అని వ్రాయవచ్చును. నిలువు గీత ‘లేదా’ అనే అర్థాన్ని, $ గుర్తు పంక్తి ముగింపును సూచిస్తాయి. అంటే ఖాళీల తరువాత హాష్ గుర్తు గానీ, పంక్తి ముగింపు గానీ రావాలి. ఇప్పుడు 1, 2, 5, 6, 8 పంక్తులు వదలబడి ఐదు పంక్తులు మిగులుతాయి. ఖాళీలకు బదులు ట్యాబ్ గుర్తు ఉండే అవకాశం ఉన్నచోట, ఆ సాధనంలో ఖాళీ, ట్యాబ్ రెండింటికీ సరిపోయే అక్షర వర్గాన్ని వాడాలి.

8వ పంక్తి సంగతి సూత్రంతో తేలేది కాదు. గురజాల పేరును ఎవరు ఎందుకు పక్కన పెట్టారో యంత్రానికి తెలియదు. సమాచారాన్ని తాత్కాలికంగా నిలిపివేయడానికి వ్యాఖ్య గుర్తును వాడటం చాలా చోట్ల అలవాటు. అటువంటి పంక్తికి కారణం, తేదీ పక్కనే వ్రాయకపోతే కొంతకాలానికి అది పొరపాటో, ఉద్దేశపూర్వకమో ఎవరూ చెప్పలేరు.

== పంక్తి మధ్యలో మొదలయ్యే వ్యాఖ్యలు ==

7వ పంక్తి చివరనున్న ‘కూడలి’ అనే వ్యాఖ్యను తీసివేయడానికి చాలామంది ముందుగా వ్రాసే సూత్రం:

  *#.*$

ఖాళీలు, హాష్ గుర్తు, ఆపైన పంక్తి చివరి వరకు ఉన్నదంతా దీనికి సరిపోతుంది. అయితే ఇది మొదట కనబడిన హాష్ గుర్తు దగ్గరే ఆగుతుంది. అప్పుడు 7వ పంక్తి ఇలా తెగిపోతుంది:

 నడికుడి. "ప్లాట్‌ఫారం

చివరి హాష్ గుర్తునే పట్టుకోవాలని #[^#]*$ అని వ్రాస్తే ఈ పంక్తికి సరిపోతుంది గానీ, వ్యాఖ్య లేకుండా కొటేషన్లలో మాత్రమే హాష్ గుర్తు ఉన్న పంక్తి వస్తే మళ్ళీ సమాచారమే తెగుతుంది.

సరైన మార్గం వ్యాఖ్యను వెదకడం కాదు, వ్యాఖ్య కాని భాగాన్ని వర్ణించడం.

 ^([^"#]|"[^"]*")*

దీని అర్థం: పంక్తి ఆరంభం నుండి, కొటేషన్ గుర్తు గానీ హాష్ గుర్తు గానీ కాని ఏ అక్షరమైనా, లేదా ఒక జత కొటేషన్ల మధ్యనున్న పాఠ్యం మొత్తం, ఎన్ని సార్లైనా. చదురపు బ్రాకెట్లలో మొదటగా వచ్చే ^ గుర్తుకు ‘ఇవి కానివి’ అని అర్థం. ఈ సూత్రానికి సరిపోయిన భాగమే సమాచారం, మిగిలినది వ్యాఖ్య. 7వ పంక్తిలో కొటేషన్లలోని హాష్ గుర్తును దాటి, రెండవ హాష్ గుర్తు దగ్గర ఆగుతుంది. పూర్తి వ్యాఖ్యా పంక్తులలో ఖాళీలు తప్ప ఏమీ మిగలవు కనుక వాటికి వేరే సూత్రం అవసరం ఉండదు. కొటేషన్ తెరిచి మూయని పంక్తిలో సూత్రం ఆ కొటేషన్ దగ్గరే ఆగుతుంది. ఆగిన చోట హాష్ గుర్తు గానీ, పంక్తి ముగింపు గానీ లేకపోతే దానిని తప్పుగా గుర్తించి తెలియజేయడం మంచిది.

== తెలుగు ఫైళ్ళలో ఉదాహరణలు ==

=== ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ===

భారతీయ భాషలకు ఉమ్మడిగా రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఇస్కీ ప్రమాణంలో చోటుచేసుకున్నది. ఈ అమరికలో సెమీకోలన్ మీటను నొక్కితే చ వస్తుంది. అదే మీటను షిఫ్టుతో నొక్కితే ఛ వస్తుంది. ఒంటి కొటేషన్ మీటకు ట, షిఫ్టుతో జంట కొటేషన్‌కు ఠ వస్తాయి.

లినక్స్ కంప్యూటర్లలో తెలుగు వ్రాయడానికి ఉపయోగపడే ఎం17ఎన్ అనే వ్యవస్థలో ఒక్కొక్క కీబోర్డు అమరికకు ఒక్కొక్క పాఠ్య ఫైలు ఉంటుంది. ఈ ఫైళ్ళు లిస్ప్ పద్ధతిలో ఉంటాయి. అందువలన వీటిలో సెమీకోలనే వ్యాఖ్య గుర్తు. ఇన్‌స్క్రిప్ట్ అమరికను ఈ పద్ధతిలో వ్రాసినప్పుడు ఇటువంటి పంక్తులు వస్తాయి:

 ("k" స్థానంలో ఏ మీట ఉన్నా ఇదే తీరు)
 (";" "చ")
 (":" "ఛ")
 ("'" "ట")
 ("\"" "ఠ")

సెమీకోలన్ నుండి చివరి వరకు కొట్టివేసే సూత్రాన్ని ఈ ఫైలుపై ప్రయోగిస్తే చ ఉన్న పంక్తి తెగిపోతుంది. ఆ ఫైలుతో తయారైన కీబోర్డులో చ వ్రాయడం సాధ్యపడదు. కొటేషన్లను గమనించే సూత్రం చ ను కాపాడుతుంది గానీ ఠ దగ్గర తడబడుతుంది. ఎందుకంటే అక్కడ కొటేషన్ గుర్తు కూడా ఒక మీటే. దాని ముందు వెనుకవాలు గీత \ పెట్టి, అది కొటేషన్ ముగింపు కాదని సూచించారు. ఈ సంగతిని కూడా చేర్చిన సూత్రం:

 ^([^";]|"([^"\\]|\\.)*")*

కొటేషన్ల లోపల, కొటేషన్ గానీ వెనుకవాలు గీత గానీ కాని అక్షరమైనా ఉండవచ్చును, లేదా వెనుకవాలు గీత, దాని తరువాత ఏదో ఒక అక్షరమైనా ఉండవచ్చును అని దీని అర్థం.

=== అనువాద ఫైళ్ళు ===

గ్నోమ్, కేడీఈ వంటి స్వేచ్ఛా సాఫ్టువేరుల తెలుగు అనువాదాలు పీఓ అనే పాఠ్య ఫైళ్ళలో ఉంటాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ సభ్యులు, ఇతర ఔత్సాహికులు ఈ తెలుగీకరణలో పాలుపంచుకున్నారు. పీఓ ఫైలులో ఒక్కొక్క ఆంగ్ల వాక్యం, దాని కింద తెలుగు అనువాదం ఉంటాయి. హాష్ గుర్తుతో మొదలయ్యే పంక్తులను వ్యాఖ్యలనే పిలుస్తారు. కానీ రెండవ అక్షరాన్ని బట్టి వాటి పని మారుతుంది.

* # తరువాత ఖాళీ ఉంటే అనువాదకుడు వ్రాసుకున్న వివరణ.
* #. ఉంటే మూల ప్రోగ్రాము వ్రాసినవారు అనువాదకులకు ఇచ్చిన వివరణ.
* #: ఉంటే ఆ వాక్యం మూల ప్రోగ్రాములో ఎక్కడ ఉన్నదో తెలిపే చిరునామా.
* #, ఉంటే ఆ అనువాదం స్థితిని, రకాన్ని తెలిపే గుర్తింపు.
* #| ఉంటే ఆంగ్ల వాక్యపు పాత రూపం.
* #~ ఉంటే ప్రస్తుతం వాడుకలో లేని పాత అనువాదం.

వీటిలో నాలుగవది యంత్రానికి చాలా అవసరం. మూల ప్రోగ్రాములో ఆంగ్ల వాక్యం మారినప్పుడు, పాత అనువాదాలలో దానికి దగ్గరగా ఉన్నదానిని సాధనం ఊహించి అతికిస్తుంది. అది ఊహ మాత్రమేనని తెలపడానికి ‘ఫజీ’ అనే గుర్తింపును ఈ పంక్తిలో ఉంచుతుంది. మనిషి సరిచూసి ఆ గుర్తింపును తీసివేసేవరకు, మామూలుగా, ఆ అనువాదం వాడుకరికి కనబడదు. దాని స్థానంలో ఆంగ్ల వాక్యమే కనబడుతుంది. ఉదాహరణకు ‘ఫైలును దాచు’ అనే అనువాదాన్ని సాధనం ‘ఫైలును తొలగించు’ అనే అర్థం గల కొత్త ఆంగ్ల వాక్యానికి అతికించిందనుకుందాం. ఎవరైనా ^# అనే సూత్రంతో ఫైలును శుభ్రం చేస్తే ఫజీ గుర్తింపు కూడా పోతుంది. అప్పుడు ఊహ కాస్తా ఖాయమైన అనువాదంగా చెలామణి అవుతుంది. దాచుకుందామని మీట నొక్కినవారి ఫైలు చెరిగిపోతుంది.

అదే పంక్తిలో ‘సీ-ఫార్మాట్’ అనే గుర్తింపు కూడా ఉండవచ్చును. వాక్యంలో శాతం గుర్తుతో మొదలయ్యే ఖాళీ స్థానాలు ఉన్నాయని, ప్రోగ్రాము నడిచేటప్పుడు వాటిలో పేర్లు, అంకెలు చేరుతాయని దీని అర్థం. తెలుగు వాక్యంలో పదాల వరుస ఆంగ్లానికి భిన్నం కాబట్టి అనువాదకులు ఈ స్థానాల వరుసను తరచుగా మార్చవలసి వస్తుంది. మార్పు సరిగా జరిగిందో లేదో పరీక్షించే సాధనం ఈ గుర్తింపును చూసే పనిచేస్తుంది. గుర్తింపు లేకపోతే పరీక్ష జరగదు.

అందువలన పీఓ ఫైలులో వ్యాఖ్యలను వదలవలసి వచ్చినప్పుడు, గుర్తింపు పంక్తులను ఉంచే సూత్రం వాడాలి:

 ^#([^,]|$)

హాష్ గుర్తు తరువాత కామా కాని అక్షరం గానీ, పంక్తి ముగింపు గానీ ఉన్నవి మాత్రమే దీనికి సరిపోతాయి. ఫైలు పైభాగంలో అనువాదకుల పేర్లు, సంవత్సరాలు, లైసెన్సు వివరాలు కూడా వ్యాఖ్యలుగానే ఉంటాయి. ఫైలును ఇతరులకు పంచేముందు వాటిని కొట్టివేస్తే, జీతం లేకుండా పనిచేసినవారి పేర్లు కూడా ఫైలు నుండి పోతాయి.

=== యూనికోడ్ సమాచార ఫైళ్ళు ===

యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుండి 3199 వరకు గల 128 స్థానాలను కేటాయించారు. ఏ స్థానం ఏ లిపికి చెందినది, ఏ అక్షరం ఏ రకానిది వంటి వివరాలను యూనికోడ్ సంస్థ పాఠ్య ఫైళ్ళలో ప్రచురిస్తుంది. వీటిలో చాలావాటిలో హాష్ గుర్తు నుండి పంక్తి చివరి వరకు వ్యాఖ్య. సమాచారం ఉన్న పంక్తి చివరన కూడా అక్షరం పేరు వ్యాఖ్యగా ఉంటుంది.

అయితే ఈ ఫైళ్ళలో హాష్ గుర్తు తరువాత ‘@మిస్సింగ్’ అనే మాటతో కొన్ని పంక్తులు ఉంటాయి. ఫైలులో ప్రస్తావించని స్థానాలకు ఏ విలువను అనుకోవాలో ఇవి చెబుతాయి. తెలుగు విభాగంలో 3085, 3089, 3113 వంటి స్థానాలకు ఏ అక్షరమూ కేటాయించలేదు. ఇటువంటి స్థానం ఏ లిపికి చెందినదని అడిగితే చెప్పవలసిన జవాబు ఆ పంక్తిలోనే ఉన్నది. వ్యాఖ్యలన్నిటినీ మొదటే పారవేసే ప్రోగ్రాముకు ఆ జవాబు తెలియదు. కాబట్టి ముందు ఈ పంక్తులను చదివి, ఆ తరువాత మిగిలిన వ్యాఖ్యలను వదలాలి.

=== పైథాన్ ప్రోగ్రాములు ===

పైథాన్ భాషలో హాష్ గుర్తు వ్యాఖ్యకు ఆరంభం. అయినప్పటికీ, మొదటి రెండు పంక్తులలో ఏదో ఒకదానిలో ఫైలు ఏ సంకేత పద్ధతిలో ఉన్నదో తెలిపే ప్రత్యేక వ్యాఖ్యను పైథాన్ స్వయంగా చదువుతుంది. 2006లో వెలువడిన పైథాన్ 2.5 నుండి, ఈ ప్రకటన లేకుండా ప్రోగ్రాములో తెలుగు అక్షరాలు ఉంటే ప్రోగ్రాము నడవక తప్పు చూపేది. పైథాన్ 3లో యుటిఎఫ్-8 అప్రమేయంగా ఉన్నందున ఈ ఇబ్బంది తొలగింది. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. అయినా పాత ప్రోగ్రాములను శుభ్రం చేసేవారు ఈ సంగతిని గమనించాలి. యూనిక్స్ ప్రోగ్రాముల మొదటి పంక్తిలో కనబడే #! కూడా ఇటువంటిదే. షెల్‌కు అది వ్యాఖ్య, కానీ ఆ ఫైలును ఏ ప్రోగ్రాముతో నడపాలో ఆపరేటింగ్ సిస్టం దానిని చదివే తెలుసుకుంటుంది.

== సంకేత పద్ధతులు, కనబడని అక్షరాలు ==

యుటిఎఫ్-8 పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ఇందులో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఆ మూడింటి విలువలూ 128 లేదా అంతకన్నా ఎక్కువ. హాష్ గుర్తు విలువ 35 కనుక తెలుగు అక్షరం లోపల అది ఎన్నటికీ రాదు. అందుచేత తెలుగు తెలియని పాత సాధనాలు కూడా యుటిఎఫ్-8 ఫైలులో హాష్ వ్యాఖ్యలను సరిగానే గుర్తిస్తాయి.

యుటిఎఫ్-16 పద్ధతిలో ఈ భరోసా లేదు. అందులో తెలుగు సంకేతానికి రెండు బైట్లు ఉంటాయి. ణ అక్షరం స్థానం 3107, అనగా 12ను 256తో గుణించి 35 కలిపితే వచ్చేది. కనుక ణ లోని ఒక బైటు విలువ సరిగ్గా 35. బైట్లను మాత్రమే చూసే సాధనం ప్రతి ణ లోను ఒక హాష్ గుర్తును చూస్తుంది. ‘కృష్ణానది’ అనే మాట ‘కృష్’ దగ్గర తెగిపోతుంది. అలాగే శాతం గుర్తు విలువ 37 కనుక థ అక్షరం కూడా ఇదే ప్రమాదంలో పడుతుంది. ఇటువంటి ఫైలును ముందుగా యుటిఎఫ్-8లోకి మార్చుకొని ఆపైన వడపోయాలి.

యూనికోడ్ వాడుకలోకి రాకముందు అచ్చుపనిలో, వార్తాపత్రికలలో వాడిన తెలుగు ఫాంట్లు ఆంగ్ల అక్షరాల, విరామ చిహ్నాల స్థానాలలో తెలుగు అక్షర భాగాలను ఉంచేవి. అటువంటి ఫైలులో హాష్ గుర్తు గానీ సెమీకోలన్ గానీ ఆ ఫాంటును బట్టి ఒక వత్తో, గుణింతమో కావచ్చును. వీటిని యూనికోడ్‌లోకి మార్చిన తరువాతనే వ్యాఖ్యల గురించి ఆలోచించాలి.

కంటికి కనబడని కొన్ని అక్షరాలు కూడా వడపోతను తప్పుదారి పట్టిస్తాయి.

* ఫైలు ఆరంభంలో ఉండే బైటు వరుస గుర్తు (65279). ఇది ఉంటే మొదటి పంక్తిలో హాష్ గుర్తు రెండవ అక్షరం అవుతుంది, ^# సూత్రం దానిని గుర్తించదు. విండోస్ నోట్‌పాడ్ యుటిఎఫ్-8గా దాచిన ఫైళ్ళలో ఈ గుర్తును చేర్చేది. 2019లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుండి అప్రమేయంగా చేర్చడం మానివేసింది.
* తెలుగులో పొల్లు హల్లు తరువాత అక్షరం వత్తుగా మారకుండా ఆపే సున్నా వెడల్పు విభాజకం (8204). పంక్తి మొదట్లో ఇది పొరపాటున చేరితే వ్యాఖ్య దొరకదు.
* విండోస్ ఫైళ్ళలో పంక్తి చివర ఉండే అదనపు గుర్తు. దీనివలన ఖాళీ పంక్తి నిజానికి ఖాళీ కాక, ^ *$ సూత్రానికి సరిపోదు.

== అనేక పంక్తుల వ్యాఖ్యలు ==

సీ భాష వ్యాఖ్యల వలె తెరిచి మూసే వ్యాఖ్యలను పంక్తి పంక్తిగా చదివితే పట్టుకోలేము. ఫైలు మొత్తాన్ని ఒకే పాఠ్యంగా తీసుకొని ఈ సూత్రం వాడవచ్చును:

 /\*([^*]|\*+[^*/])*\*+/

తెరిచిన తరువాత, నక్షత్రం కాని అక్షరాలు గానీ, వాలుగీత కాని అక్షరంతో ముగిసే నక్షత్రాలు గానీ ఎన్ని ఉన్నా దాటి, నక్షత్రం, వాలుగీత కలిసి వచ్చిన మొదటి చోట ఇది ఆగుతుంది. సీ భాషలో వ్యాఖ్యలో మరొక వ్యాఖ్య ఇమడదు కనుక ఇది సరిపోతుంది. అయితే కొటేషన్ల లోపల ఇదే గుర్తు వచ్చే సందర్భాన్ని ఇక్కడ కూడా విడిగా చూసుకోవాలి.

ఓకామెల్, హాస్కెల్ వంటి భాషలలో వ్యాఖ్యలో వ్యాఖ్య ఉండవచ్చును. ఎన్ని తెరిచారో లెక్కపెట్టి అన్నీ మూయాలి. క్లీనీ నిర్వచించిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకు ఈ లెక్క సాధ్యం కాదు. ఎంత పొడవైన సూత్రం వ్రాసినా, అంతకన్నా లోతైన వ్యాఖ్య ఒకటి ఉంటుంది. అటువంటి చోట ఆ భాషకు తగిన పార్సరును వాడాలి.

== వదలివేయుట, తొలగించుట ==

ఈ రెండింటికీ తేడా ఉన్నది. చదివేటప్పుడు వ్యాఖ్యను వదలివేస్తే అసలు ఫైలుకు మార్పు ఉండదు. ఫైలులో నుండి తొలగిస్తే ఆ సమాచారం మరి దొరకదు. చదివి, మార్చి, తిరిగి అదే ఫైలులో వ్రాసే ప్రోగ్రాములు వ్యాఖ్యలను మధ్యలో పోగొట్టడం తరచుగా కనబడే లోపం. అలాంటి ప్రోగ్రాములు వ్యాఖ్యలను వేరుగా గుర్తుంచుకొని, తిరిగి వాటి స్థానంలో వ్రాయాలి.

వదలివేసేటప్పుడు కూడా పంక్తుల లెక్కను తప్పనీయరాదు. పై ఉదాహరణలో రెంటచింతల ఫైలులో 9వ పంక్తి, వడపోత తరువాత 4వది. ఆ పంక్తిలో తప్పు ఉన్నదని తెలపవలసి వస్తే ప్రోగ్రాము 9 అనే చెప్పాలి. లేకపోతే సరిచేయవలసినవారు 4వ పంక్తిలోని పిడుగురాళ్ల వద్ద తప్పును వెదుకుతారు.

మరొక సంగతి వ్యాఖ్యల నిజానిజాలకు సంబంధించినది. ఉదాహరణ ఫైలులో 2వ పంక్తి జిల్లా గుంటూరు అని చెబుతుంది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఆరు స్టేషన్ల ఊళ్ళూ కొత్త జిల్లాలోకి వచ్చాయి. సమాచార పంక్తిలో ఇటువంటి తప్పు ఉంటే ప్రోగ్రాము ఫలితంలో బయటపడుతుంది. వ్యాఖ్యను ప్రోగ్రాము చదవదు కనుక ఆ తప్పు ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. మారే అవకాశం ఉన్న సమాచారాన్ని వ్యాఖ్యలో కాక ఫైలులోని ఒక అంశంగా ఉంచాలని చెప్పడానికి కారణం ఇదే.

== వ్యాఖ్యలకు చోటులేని ఫైళ్ళు ==

కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైళ్ళ రూపాన్ని 2005లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 4180 వివరించింది. అందులో వ్యాఖ్యల ప్రస్తావన లేదు. జేసన్ రూపంలో కూడా వ్యాఖ్యలకు చోటు లేదు. ఇటువంటి ఫైలులో హాష్ గుర్తుతో మొదలయ్యే పంక్తి ఉంటే అది సమాచారమే అయి ఉండవచ్చును. ఎవరైనా తమంతట తామే వ్యాఖ్య వ్రాసి ఉంటే, ఆ ఒప్పందాన్ని ఫైలును వాడే అందరికీ తెలియజేయాలి. అలా తెలియనంతవరకు పంక్తిని వదలకుండా, అనుమానంగా గుర్తించి మనిషికి చూపడమే క్షేమం.

== గుర్తుంచుకోవలసినవి ==

* సూత్రం వ్రాయడానికి ముందు ఆ ఫైలు రూపానికి నియమం ఏమిటో చదవాలి.
* వ్యాఖ్యను కాక, సమాచారాన్ని వర్ణించే సూత్రం వ్రాయడం మేలు.
* కొటేషన్లను, వెనుకవాలు గీతను లెక్కలోకి తీసుకోవాలి.
* వ్యాఖ్య రూపంలో ఉన్న ఆదేశాలను ముందుగా చదివి ఆ తరువాత వడపోయాలి.
* వదలిన పంక్తులను ఒకసారి విడిగా అచ్చువేసి చూడాలి. ఉండవలసినది ఏదైనా పోయిందేమో ఆ జాబితాలోనే తెలుస్తుంది.

== ఇవి కూడా చూడండి ==

* రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్
* యూనికోడ్
* ఇన్‌స్క్రిప్ట్
* నడికుడి